సొంతంగా ప్రచురించిన దెయ్యం కథలు: ఎలా చదవాలి, స్టార్లు ఎలా వెయ్యాలి

ప్రచురణ సంస్థ ఏదీ లేకుండా రచయితే నేరుగా పాఠకుల ముందు పెట్టిన దెయ్యం కథకి రేటింగ్ ఇవ్వడం కొంచెం చిక్కు పని. మీకంటే ముందు దాన్ని చదివి, "ఈ అధ్యాయం అక్కర్లేదు, ఈ ఆత్మ ఎందుకు పగబట్టిందో చెప్పనే లేదు" అన్న మనిషి బహుశా ఎవరూ ఉండరు. ఎడిటర్ చెయ్యాల్సిన పనిలో కొంత మీ మీద పడుతుంది. ఇంకో చిక్కు భయంతోనే వస్తుంది. అది ఎక్కువసేపు నిలవదు. రాత్రి చదువుతూ మాటిమాటికీ తలుపు వైపు చూసినవాళ్లే, తెల్లారి ముగింపు తెలిసిపోయాక "అబ్బే, ఏముంది అందులో" అనేస్తారు. ఆ మాట అన్న తర్వాత వేసిన స్టార్లలో రాత్రి పడ్డ భయం లెక్కలోకి రాదు. ఒక్క సీన్‌కి ఒళ్లు జలదరించిందని ఆ ఊపులో ఐదు స్టార్లు కొట్టేసి, మిగతా కథని గాలికి వదిలేసేవాళ్లూ ఉన్నారు.

అందుకే కింద చెప్పే పద్ధతంతా ఒక్క మాట మీద నడుస్తుంది: భయం కలిగినప్పుడే గుర్తు పెట్టుకోండి, తీర్పు మాత్రం ఆగి చెప్పండి.

చదవకముందు చూడాల్సినవి

సగటు రేటింగ్ చూసి కథని ఎంచుకోవద్దు. 4.7 అన్న అంకె వెనక పదిమంది స్నేహితులు ఉండొచ్చు, వెయ్యిమంది ముక్కూమొహం తెలియనివాళ్లు ఉండొచ్చు. ముందు ఎంతమంది వేశారో చూడండి. తర్వాత ఏ స్టార్‌కి ఎన్ని పడ్డాయో చూడండి. పట్టుమని పదిహేను రేటింగులు ఉండి అన్నీ ఐదులే అయితే, ఆ కథ ఇంకా బయటి పాఠకుల దాకా వెళ్లలేదనుకోవచ్చు. ఐదులూ ఒకట్లూ పోటాపోటీగా ఉంటే మాత్రం నాకు ఆసక్తి పెరుగుతుంది. దెయ్యం కథల్లో అలాంటి చీలిక చాలాసార్లు ముగింపు దగ్గర వస్తుంది, ధైర్యం చేసిన ముగింపులకే అది ఎక్కువగా వస్తుంది. అన్నిటికంటే పనికొచ్చేవి మూడు స్టార్ల రివ్యూలు. మూడు వేసినవాళ్లకి పొగడాలన్న మొహమాటం ఉండదు, తిట్టాలన్న కసీ ఉండదు. నచ్చిందేదో నచ్చనిదేదో విడివిడిగా చెప్తారు.

స్టార్లకి అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. పాఠకులు పుస్తకాలకి రేటింగులు ఇచ్చుకునే గుడ్‌రీడ్స్‌లో రెండు స్టార్లంటే పర్వాలేదని, మూడంటే నచ్చిందని, నాలుగంటే బాగా నచ్చిందని ఆ సైటే చెబుతుంది. అదే మూడు అమ్మకాల సైట్లో పడితే సరుకు బాగాలేదన్నట్టు కనిపిస్తుంది. అమెజాన్ చూపించే అంకె మామూలు సగటు కూడా కాదు. రివ్యూ ఎంత కొత్తది, రాసినవాళ్లు అక్కడే కొన్నారా లేదా అన్నవి కూడా అందులో కలుస్తాయి. అలాంటిదే ఇంకో సైటు స్టోరీగ్రాఫ్‌లో పావు స్టార్ కూడా వెయ్యొచ్చు, గుడ్‌రీడ్స్‌లో అర స్టార్ కూడా లేదు. మీరు ఎక్కడ వేస్తున్నారో అక్కడి అర్థం ప్రకారమే వెయ్యండి.

తర్వాత శాంపిల్. కిండిల్ పుస్తకాలకి (అమెజాన్ అమ్మే ఈబుక్‌లకి) సుమారుగా మొదటి పదో వంతు ఉచితంగా చదవనిస్తారు. అయితే ఎడిటర్ లేని పుస్తకంలో రచయిత ఎక్కువసార్లు తిరగరాసేది మొదటి అధ్యాయాన్నే. శాంపిల్ మెరుస్తూ ఉండి, పుస్తకం సగం నుంచి వడలిపోవడం మామూలే. ప్రతిలిపి, వాట్‌ప్యాడ్ లాంటి చోట్ల ఎపిసోడ్లుగా వచ్చే కథలకి ఒక సౌకర్యం ఉంది: మధ్యలో ఉచితంగా ఉన్న ఏదో ఒక ఎపిసోడ్ తెరిచి ఒక్క పేరా చదవొచ్చు. కథ తెలుసుకోవడానికి కాదు, వాక్యం ఇంకా నిలబడి ఉందో లేదో చూడటానికి. పరిచయ వాక్యాలు కూడా జాగ్రత్తగా చదవండి. పుస్తకం మొత్తంలో రచయిత అందరికంటే ముందు చూపించే ఆ నాలుగు ముక్కల్లోనే తప్పులుంటే లోపల ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కవర్‌ని మాత్రం పట్టించుకోకండి. మంచి కథకి చవకబారు కవర్ ఉండటం ఈ లోకంలో సర్వసాధారణం.

పసిపిల్లల చావు, ఆత్మహత్య, లైంగిక హింస, జంతువులని హింసించడం లాంటివి చదవలేని పాఠకులు ముందుగానే హెచ్చరికలు ఉన్నాయేమో చూసుకోవాలి. ఈ రకం కథల్లో ఇవి ఎక్కువే. రచయిత చెప్పకపోయినా ముందు చదివినవాళ్లు చెప్పి ఉంటారు. మీరు తట్టుకోలేని విషయం తగిలిన కోపంలో ఒక స్టార్ వెయ్యడం వల్ల ఎవరికీ సాయం జరగదు.

ఇది ఏ రసం కోసం రాసిన కథ?

అతీంద్రియ కథలన్నీ భయపెట్టడానికే రాస్తారన్న నమ్మకంతో మొదలుపెట్టకండి. భరతుడి నాట్యశాస్త్రంలోని ఎనిమిది రసాల్లో మూడు ఈ కథలకి నేరుగా పనికొస్తాయి. భయం అనే భావం నుంచి పుట్టే భయానకం, జుగుప్స నుంచి పుట్టే బీభత్సం, విస్మయం నుంచి పుట్టే అద్భుతం. శోకం నుంచి వచ్చే కరుణని కూడా కలుపుకోవాలి. ఎందుకంటే ఎన్నో దెయ్యం కథలు లోపల లోపల పోయినవాళ్ల కోసం ఏడ్చే కథలే.

మొదటి రెండు అధ్యాయాలు అయ్యాక ఒక్క వాక్యం రాసుకోండి: "ఈ కథ నన్ను ఏం చెయ్యాలని చూస్తోంది?" దయ్యాల పెళ్లిసందడి లాంటి హాస్య కథకి "భయం వెయ్యలేదు" అని రెండు స్టార్లు తగ్గించడం అన్యాయం. రక్త పిశాచికీ మనిషికీ మధ్య ప్రేమకథలో మీరు అడగాల్సింది ఆ ఇద్దరి మధ్య ఆకర్షణని నమ్మించారా, ఆ ప్రేమకి ప్రాణం మీదికొచ్చే ప్రమాదం నిజంగా ఉందా అని. చనిపోయిన తల్లి ఇంట్లోనే తిరుగుతోందని రాసిన కథ గుండె బరువెక్కిస్తే చాలు, వెన్నులో వణుకు పుట్టించాల్సిన పని లేదు.

బీభత్సాన్నే భయమనుకునే రచయితలు చాలామంది. కుళ్లిన చేతులు, పురుగులు, నెత్తురు మడుగులు పేజీకోసారి వస్తాయి. చదివేవాడికి అసహ్యం కలుగుతుంది, భయం కలగదు. గోథిక్ నవలలు (పాత కోటలు, రహస్యాలు, భయం నిండిన కథలు) రాసిన ఆన్ రాడ్‌క్లిఫ్ ఈ తేడా గురించే ఒక వ్యాసం రాసింది. ఆమె పోయాక 1826లో అది అచ్చయింది. ఒక రకం భయం మనసుని విప్పి మేల్కొలుపుతుందని, ఇంకోటి బిగదీసి గడ్డకట్టిస్తుందని ఆమె అంటుంది. మొదటిది పుట్టాలంటే ఏదో స్పష్టంగా కనిపించకుండా ఉండాలి. మీ కథలో రచయిత దేన్ని చూపించారు, దేన్ని దాచారు అని గమనిస్తే ఆ తేడా మీకే తెలుస్తుంది. బీభత్సం తక్కువ రకం రసమని నేననను, అది కావాలని వెతుక్కునే పాఠకులున్నారు. కానీ పరిచయంలో వణికిస్తానని చెప్పి లోపల వాంతి తెప్పిస్తే ఆ సంగతి రివ్యూలో చెప్పాలి.

చదువుతూ వేసుకోవాల్సిన గుర్తులు

పెద్ద నోట్సు అక్కర్లేదు. నోట్సు రాసే పనిలో పడితే భయం ఎటో పోతుంది. ఒకే అక్షరం చాలు. కిండిల్లో అయితే వాక్యాన్ని హైలైట్ చేసి పక్కన ఒక అక్షరం కొట్టండి, ఫోన్లో సీరియల్ అయితే ఎపిసోడ్ నంబరు పక్కన వేసుకోండి. భయం వేస్తే "భ". ఆశ్చర్యం కలిగితే "ఆ". కళ్లు వాక్యాల మీంచి జారిపోయి రెండు పేరాలు దాటేశారని గ్రహిస్తే "జా". ఇదెలా జరిగింది అని అనుమానం వస్తే ప్రశ్న గుర్తు.

భయం వేసిందని ఎలా తెలుస్తుంది? ఇది వెర్రి ప్రశ్నలా అనిపిస్తుంది గానీ, చాలామంది "భయంగా రాశారు" అన్నదాన్నీ "భయం వేసింది" అన్నదాన్నీ కలిపేస్తారు. పాత్ర కేకలు వేసింది, చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది అని రాస్తే అది పాత్ర భయం. మీ భయానికి గుర్తులు వేరు. చదివే వేగం దానంతటదే తగ్గుతుంది. ఒక వాక్యాన్ని మళ్లీ వెనక్కి వెళ్లి చదువుతారు. పేజీ తిప్పే ముందు అర క్షణం ఆగుతారు. గదిలో మామూలు చప్పుడు కూడా కాసేపు కొత్తగా వినిపిస్తుంది. ఇలా ఏదైనా జరిగితేనే "భ" వెయ్యండి.

సినిమాలో హఠాత్తుగా మోగే శబ్దం మిమ్మల్ని కుర్చీలోంచి లేపుతుంది. కాగితం మీద ఆ పని జరగదు. అయినా కొందరు "ధడేల్!!!" అని మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి, వాక్యం చివర చుక్కల వరస పరిచి అదే ప్రయత్నం చేస్తారు. రాతలో భయం నెమ్మదిగా, ఒక వివరం తేడాగా ఉండటం నుంచి పుడుతుంది: ఇంట్లో నలుగురు ఉంటే గోడకి ఐదు నీడలు ఉండటం లాంటిది. ఐదో నీడ గురించి ఒక్కసారి మాత్రమే చెప్పి ఊరుకున్న రచయితకి నేను అక్కడికక్కడే మనసులో అర స్టార్ రాసుకుంటాను.

చదివే పరిస్థితి కూడా తీర్పుని మార్చేస్తుంది. చిన్న కథని ఒకే కూర్చోడంలో పూర్తి చెయ్యండి. నవల అయితే కనీసం ఒక అధ్యాయం మధ్యలో ఆపకుండా చదవండి. నోటిఫికేషన్లు ఆపండి, భయం అల్లుకోవడానికి పట్టే సమయంలో మూడు మెసేజ్‌లు వస్తే తప్పు రచయితది కాదు. పగలు రద్దీ ప్రయాణంలో చదివి "ఏమీ అనిపించలేదు" అని రాసేముందు ఒక్క సీన్‌ని రాత్రి ప్రశాంతంగా మళ్లీ చదివి చూడండి. అప్పుడూ అనిపించకపోతే ఆ మాట ధైర్యంగా రాయొచ్చు.

దెయ్యానికీ నియమాలు ఉండాలి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. సొంత ప్రచురణ కథలు ఎక్కువగా జారిపడేదీ ఇక్కడే. లేనిదాన్ని నమ్మించడానికి రచయితకి ఉన్న ఆధారం ఒక్కటే, ఆ లేనిది ఎప్పుడూ ఒకే పద్ధతిలో నడుచుకోవడం.

ఒక కథ ఊహించుకుందాం. చనిపోయిన చెల్లెలు అద్దాల్లో మాత్రమే అక్కకి కనిపిస్తుంది. బాగుంది. అక్క ఇంట్లో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పుతుంది. చెల్లెలు ఆరిపోయిన టీవీ తెరలో కనిపిస్తుంది. ఇంకా బాగుంది, నియమం తప్పలేదు, మనం ఊహించని చోట వచ్చింది. పన్నెండో అధ్యాయంలో మాత్రం దీపాల్లేని రోడ్డు మీద, ప్రతిబింబం పడే వస్తువేదీ లేని చోట, చెల్లెలు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. అప్పటిదాకా పోగైన భయమంతా ఆ ఒక్క వాక్యంతో పోతుంది. ఎక్కడికైనా రాగలిగిన దెయ్యం ఇన్నాళ్లూ అద్దాల కోసం ఎందుకు ఆగిందన్న ప్రశ్న వచ్చేస్తుంది. రోడ్డు మీద ఒక నీటి గుంట పెట్టి ఉంటే సరిపోయేది. ఇలాంటి చోట ప్రశ్న గుర్తు వెయ్యండి, అధ్యాయం నంబరు రాసుకోండి.

అయితే రచయిత చెప్పకుండా వదిలేసిన ప్రతిదీ తప్పు కాదు. వివరించని రహస్యానికీ, మర్చిపోయిన విషయానికీ మధ్య గీత గీయాలి. అందుకు నేను వాడే పరీక్ష ఇది: ఆ తేడాని కథలో ఎవరైనా గమనించారా? చెల్లెలు ఈసారి అద్దం లేకుండా వచ్చిందని అక్క గ్రహించి వణికిపోతే, నియమం మారిందని రచయితకి తెలుసు. కథ కొత్త మలుపు తీసుకుంటోంది, ఆగి చూడాలి. ఎవరికీ ఏమీ పట్టకపోతే రచయితే మర్చిపోయారు.

విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో చెప్పిన ఒక ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. జరిగింది నిజంగా అతీతమైనదా, లేక మామూలు కారణం ఏదైనా ఉందా అని తేల్చుకోలేని ఊగిసలాటలోనే ఈ రకం కథల ప్రాణం ఉందని ఆయన అన్నారు. ఏదో ఒకవైపు తేలిపోగానే కథ వేరే జాతిలోకి వెళ్లిపోతుంది. మీరు చదివే కథ ఊగిసలాటని ఎంతసేపు నిలబెట్టింది, ఎప్పుడు తేల్చింది, తేల్చాక ఏమిచ్చింది అన్నవి అడగండి. "అంతా ఆమె భ్రమ" అని చివరి పేజీలో తేల్చేసే కథలకి ఒక పరీక్ష పెట్టండి. మొదటి రెండు అధ్యాయాలు మళ్లీ తిరగేసి చూడండి. ఆ సంఘటనలు భ్రమగానూ సరిపోతే రచయిత కష్టపడ్డారు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి చూసిన దెయ్యాన్ని ఒకరి భ్రమ అనేస్తే చేతులెత్తేశారు. మానసిక అనారోగ్యాన్ని చవకగా భయపెట్టే సరుకులా వాడుకున్నా నేను దాన్ని లోపంగానే రాస్తాను.

దీనికి తోడుగా ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో చెప్పిన సూత్రం ఉంది. మాయతో సమస్య తీర్చాలంటే, పాఠకుడికి ఆ మాయ అంతకుముందే ఎంత బాగా అర్థమైతే అంత తృప్తిగా తీర్చగలరు అని దాని సారం. చివరి అధ్యాయంలో ఎక్కణ్నుంచో ఊడిపడే మాంత్రికుడికి ఇది గట్టి దెబ్బ. అప్పటిదాకా పేరైనా వినని మనిషి వచ్చి, అప్పటిదాకా లేని తాయెత్తుతో దెయ్యాన్ని కట్టేస్తే, మూడు వందల పేజీలు మనం పడ్డ టెన్షన్‌కి విలువ లేకుండా పోతుంది. సమస్య తీరకుండా పెరగడానికే మాయని వాడితే మాత్రం వివరణ తక్కువైనా నడుస్తుంది. భయపెట్టేదాన్ని వివరించక్కర్లేదు, రక్షించేదాన్ని మాత్రం ముందే పరిచయం చెయ్యాలి.

ఇంకొన్ని ప్రశ్నలు త్వరగా. దెయ్యానికి ఏం కావాలి? ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడే ఎందుకు వచ్చింది? అది చెయ్యలేనిది ఏమైనా ఉందా? పాత్రలు ఆ ఇల్లు వదిలి ఎందుకు పోవు? చివరి ప్రశ్నకి జవాబు లేని కథలు లెక్కలేనన్ని. అప్పు, మంచం పట్టిన మనిషి, దాచిన నేరం, మొండి అపనమ్మకం, ఏదో ఒకటి మొదట్లోనే కట్టిపడేసి ఉండాలి. దెయ్యం పూర్వకథ అంతా ఒకే పాత్ర నోట పది పేజీల ఉపన్యాసంగా వస్తే అక్కడ మీ కళ్లు జారే ఉంటాయి. మీ "జా" గుర్తులే ఆ సంగతి చెప్తాయి.

అచ్చుతప్పులు, సాగదీత

ఒత్తులు, దీర్ఘాలు, కామాల తప్పుల కోసం భూతద్దం పట్టుకుని కూర్చోవద్దు. ప్రూఫ్ రీడర్‌ని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. తప్పు మిమ్మల్ని కథలోంచి బయటికి లాగిందా లేదా అన్నదే కొలమానం. పేజీకి ఒకటి రెండు దొర్లినా చదువు సాగిపోతుంటే రివ్యూలో ఒక్క మాటతో సరిపెట్టండి. సరిగ్గా దెయ్యం తలుపు తట్టే వాక్యంలో కర్త ఎవరో తెలియక మళ్లీ చదవాల్సి వస్తే అది భయాన్ని చంపిన తప్పు, దానికి స్టార్ తగ్గొచ్చు. ఇంతకంటే పెద్దవి కథ లోపలి తప్పులు. మూడో అధ్యాయంలో చనిపోయిన పక్కింటాయన తొమ్మిదిలో పలకరించడం, ఆమె దృష్టితో చెప్తున్న కథలో ఉన్నట్టుండి అతని మనసులోని మాట రావడం, పాత్ర పేరు మారిపోవడం. దెయ్యం కథలో ఇవి మరీ ప్రమాదం. చనిపోయిన మనిషి పలకరిస్తే అది క్లూ అనుకుని పాఠకుడు వంద పేజీలు ఎదురుచూస్తాడు.

సాగదీత వెనక డబ్బు లెక్క కూడా ఉండొచ్చు. నెలనెలా చందా కట్టి పుస్తకాలు చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్ 2014లో మొదలైంది. 2015 జులై నుంచి అందులోని పుస్తకాలకి రచయితలకి పాఠకులు చదివిన పేజీలని బట్టి డబ్బు వస్తుంది. ఎపిసోడ్లుగా రాసేవాళ్లకి ప్రతి ఎపిసోడ్ చివరా ఒక ఉలిక్కిపాటు ఉండాలన్న ఒత్తిడి. ఫలితంగా ప్రతి ఎపిసోడ్ చివర తలుపు కిర్రుమంటుంది, తర్వాతి ఎపిసోడ్ మొదట్లో అది పిల్లి అని తేలుతుంది. ఒకసారి సరదా, రెండోసారి ఓపిక, మూడోసారి పిల్లి కనిపిస్తే "జా". కారణం ఏదైనా పాఠకుడు పడేది సాగదీతే, కాబట్టి రచయిత మీద జాలితో దాన్ని మాఫీ చెయ్యక్కర్లేదు.

ఏఐతో రాసిందన్న అనుమానం ఈమధ్య అందరికీ వస్తోంది. 2023 సెప్టెంబర్ నుంచి ఏఐతో తయారైన రాత ఉంటే ఆ సంగతి తనకి తెలియజేయాలని అమెజాన్ సొంత ప్రచురణ రచయితలకి నిబంధన పెట్టింది. అది సంస్థకి చెప్పే వివరం, పాఠకుడి ముందు పెట్టేది కాదు. రుజువు లేకుండా రివ్యూలో ఆ నింద వెయ్యకండి. మీకు కనిపించిన లక్షణం రాయండి: పాత్రలందరూ ఒకేలా మాట్లాడుతున్నారు, ప్రతి అధ్యాయం ఒకే రకం వాక్యంతో ముగుస్తోంది, ఇంట్లో ఎన్ని గదులున్నాయో రచయితకే తెలిసినట్టు లేదు. మనిషే రాసి ఉన్నా ఆ విమర్శ నిలుస్తుంది.

ముగింపు తర్వాత ఆగండి

చివరి పేజీ చదివిన వెంటనే యాప్ స్టార్లు అడుగుతుంది. పక్కన పెట్టేయండి. కనీసం ఒక రాత్రి గడవనివ్వండి, నవలకైతే రెండు మూడు రోజులు. ఆ తర్వాత గుర్తులన్నీ ఒకసారి వరసగా చూడండి. "భ"లు మొదటి సగంలోనే ఉండి తర్వాత మాయమైతే దెయ్యాన్ని మరీ తొందరగా చూపించేశారని అర్థం. "భ"లు చివరిదాకా ఉండి మీకు మాత్రం కథ తేలిపోయినట్టు అనిపిస్తోందంటే, ముగింపు మీద అలక మిగతా అంతా మింగేస్తోంది. ఆ అలకకి దాని వాటా ఇవ్వండి, అంతకు మించి ఇవ్వకండి. గుర్తులు దాదాపు ఏమీ లేకపోయినా కథలో ఒక దృశ్యం రోజుల తరబడి వెంటాడుతుంటే దానికీ విలువ కట్టాలి. కొన్ని కథలు చదివేటప్పుడు చల్లగా ఉండి తర్వాత పనిచేస్తాయి.

ఇప్పుడు స్టార్లు

నేను ఐదునీ ఇలా పంచుతాను. అనుకున్న రసం పండిందా అన్నదానికి రెండు. కథ తన నియమాలకి కట్టుబడిందా, ముగింపు వాటిలోంచే వచ్చిందా అన్నదానికి ఒకటి. మనుషులు మనుషుల్లా ఉన్నారా, వాళ్లకి ఏమవుతుందోనని పట్టించుకున్నానా అన్నదానికి ఒకటి. భాష, పొందిక, నిడివి కలిపి ఒకటి. మీకు మనుషులే ముఖ్యమైతే ఆ రెండూ అక్కడ పెట్టుకోండి, కానీ ప్రతి కథకీ పంపకం మార్చకండి.

అద్దాల చెల్లెలి కథకే వేసి చూద్దాం. తొలి పది అధ్యాయాల్లో భయం బాగా పట్టింది, రోడ్డు సీన్ నుంచి సడలింది: రెండులో ఒకటిన్నర. నియమం తప్పింది, ముగింపు మాత్రం పర్వాలేదు: అర. అక్క పాత్ర, ఆమె అపరాధ భావం గట్టిగా ఉన్నాయి: పూర్తిగా ఒకటి. భాష సాఫీగా ఉంది, తప్పులు అడ్డు రాలేదు, రెండు అధ్యాయాలు అదనం: ముప్పావు. మొత్తం మూడుంముప్పావు. అర స్టార్లు లేని చోట నాలుగు వేస్తాను. ఎటూ తేలనప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను: ఈ రచయిత తర్వాతి కథని చదువుతానా? చదువుతాననుకుంటే పైకి, లేదంటే కిందికి.

"మొదటి పుస్తకం కదా పాపం" అని ఒక స్టార్ కలపకండి. మీ ఐదు చూసి డబ్బూ రాత్రీ ఖర్చుపెట్టే ఇంకో పాఠకుడు ఉన్నాడు. పెద్ద సంస్థల పుస్తకాలకి ఒక కొలత, వీటికి ఇంకో కొలత పెట్టొద్దు కూడా. ప్రూఫ్ తప్పుల విషయంలో ఓర్పు చూపించడం వేరు, కథ విషయంలో కొలత తగ్గించడం వేరు.

మధ్యలో ఆపేసిన పుస్తకానికి ఏం చెయ్యాలి? పావు వంతు కూడా చదవకపోతే స్టార్లు వెయ్యకుండా వదిలేయడమే మర్యాద. సగం దాటి ఆపితే వెయ్యొచ్చు, కానీ ఎక్కడ ఆపారో ఎందుకు ఆపారో తప్పకుండా రాయండి. ఇంకా నడుస్తున్న సీరియల్‌కి "ఇరవయ్యో ఎపిసోడ్ వరకు" అని రాసి వెయ్యండి, ముగిశాక వచ్చి సరిచూడండి. ముగింపు చూడకుండా దెయ్యం కథకి ఐదు ఇవ్వడానికి నాకు చెయ్యి రాదు.

రివ్యూ రాయడం

ఐదారు వాక్యాలు చాలు. ఏ రకం కథ, ఏ రసం పండింది, ఏది దెబ్బతిన్నది, ఎవరికి నచ్చుతుంది, ఎవరు జాగ్రత్త పడాలి. కథంతా తిరిగి చెప్పకండి. రహస్యం విప్పే మాటలు రాయాల్సి వస్తే స్పాయిలర్ అని దాచే వీలున్న చోట దాచండి, లేని చోట రాయకండి. "చివర్లో ఊహించని ట్విస్ట్ ఉంది" అన్నది కూడా సగం స్పాయిలరే. ఆ మాట చదివిన పాఠకుడు మొదటి పేజీ నుంచీ అందరినీ అనుమానిస్తాడు.

ఇలా రాయొచ్చు:

"నెమ్మదిగా భయం పెంచే కథ, నెత్తురు తక్కువ, దుఃఖం ఎక్కువ. అద్దాల ఆలోచన కొత్తది కాకపోయినా మొదటి పది అధ్యాయాల్లో చాలా జాగ్రత్తగా వాడారు. టీవీ తెర సీన్ తర్వాత ఆ రాత్రికి చదవడం ఆపేశాను. పన్నెండో అధ్యాయంలో కథ తను పెట్టుకున్న నియమాన్నే దాటేసింది, అక్కణ్నుంచి భయం తగ్గింది. అక్క పాత్ర కోసం చివరిదాకా చదవొచ్చు. తోబుట్టువు మరణం, ఆత్మహత్య ప్రస్తావన ఉన్నాయి. వేగం కావాలనుకునేవాళ్లకి కాదు."

"అద్భుతం, తప్పక చదవండి" అన్న రివ్యూ కంటే ఇది రచయితకి కూడా ఎక్కువ పనికొస్తుంది, ఏ అధ్యాయం దగ్గర పాఠకుడు జారిపోయాడో తెలుస్తుంది. రచయిత గురించి, వాళ్ల చదువు గురించి, వాళ్ల మనసులో ఏముందో అన్నదాని గురించి ఊహలు రాయొద్దు. హంతకుడి మనసు బాగా రాసినవాళ్లు హంతకులు కారు.

తెలిసినవాళ్ల పుస్తకమైతే

బంధువు, దగ్గరి స్నేహితుడు రాసిన పుస్తకానికి అమెజాన్‌లో రివ్యూ రాయడం ఆ సంస్థ నిబంధనలకి విరుద్ధం. రాస్తే తీసేస్తారు. మిగతా చోట్ల కూడా స్టార్లు మానేసి మీ అభిప్రాయం వాళ్లకే నేరుగా చెప్పడం మేలు. గుర్తులు వేసుకున్న కాపీని వాళ్ల చేతికిస్తే ఐదు స్టార్ల కంటే పెద్ద సాయం. విడుదలకి ముందు ఉచిత కాపీ పంపే పద్ధతి మామూలే, తీసుకోవచ్చు. దానికి బదులు మంచి రివ్యూ ఇవ్వాలన్న షరతు మాత్రం ఒప్పుకోకండి, ఉచితంగా వచ్చిందని రివ్యూలో ఒక్క వాక్యం రాయండి. నువ్వు నాకు ఐదు వెయ్యి, నేను నీకు ఐదు వేస్తాను అన్న రచయితల ఒప్పందాలకి దూరంగా ఉండండి. డబ్బిచ్చి రాయించుకునే దొంగ రివ్యూలని నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమం 2024 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది కూడా.

తక్కువ స్టార్లు వేశారని రచయిత మీకు మెసేజ్ పెడితే వాదనకి దిగొద్దు. వాస్తవం ఏదైనా తప్పుగా రాసి ఉంటే సరిదిద్దండి, అభిప్రాయం అయితే అలాగే ఉంచండి.

సొంత ప్రచురణ ఈబుక్‌ని రచయిత ఎప్పుడైనా సరిచేసి మళ్లీ పెట్టొచ్చు. అందుకే రివ్యూలో ఏ నెల, ఏ ఏడాది కాపీ చదివారో రాయండి. పన్నెండో అధ్యాయాన్ని తిరగరాశామని తర్వాత ఎవరైనా చెబితే ఆ ఒక్క అధ్యాయం మాత్రం మళ్లీ తెరిచి చదవండి. రోడ్డు మీద నీటి గుంట వచ్చి ఉంటే పాత రివ్యూ కింద తేదీ వేసి ఒక లైన్ కలిపి, స్టార్లు మార్చండి.